వార్డెన్ కావలెను

ఆమె ఐదు వేలకే వస్తానందని మా అధ్యక్షురాలు చెప్పగానే గదిలో ఉన్న డైరెక్టర్లందరి ముఖాలూ విప్పారాయి. నాకు మాత్రం భయమేసింది. హాస్టళ్ళలో ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషి, నలభైమంది ఆడపిల్లల బాధ్యత నెత్తిన వేసుకుని పగలూ రాత్రీ అక్కడే ఉండాల్సిన మనిషి, ఐదు వేలకు ఎట్లా ఒప్పుకుంది? అంతకుముందున్న వార్డెన్ ఆరు వేలు చాలక ఒక పెద్ద కాలేజీ హాస్టలుకు వెళ్ళిపోయి ఇరవై రోజులైంది. ఆ ఇరవై రోజులూ డైరెక్టర్లమే వంతులు వేసుకుని పిల్లల దగ్గర పడుకున్నాం. అందరికీ నడుములు విరిగిపోయాయి. ఎవరో ఒకరు దొరికితే చాలనుకునే స్థితికి వచ్చేశాం.

మా సంఘం గురించి కొంచెం చెప్పాలి. కమలాపురం చుట్టుపక్కల పది పదకొండు ఊళ్ళ ఆడవాళ్ళం కలిసి పెట్టుకున్న సహకార సంఘం అది. పదో తరగతి కాగానే మా ఆడపిల్లల చదువు ఆగిపోతోందని మొదలుపెట్టాం. కడపలో కాలేజీలున్నాయి, బస్సులూ ఉన్నాయి. కానీ సాయంత్రం బస్సు తప్పిపోతే పిల్ల ఎక్కడుంటుందన్న బెంగతో చాలా ఇళ్ళలో చదువు మాన్పించేవాళ్ళు. ప్రైవేటు హాస్టళ్ళ ఫీజులు మాకు అందేవి కావు. అందుకని నెలనెలా తలా వంద రూపాయలు వేసుకుని, కడపలో ఒక మేడ ఇల్లు బాడుగకు తీసుకుని, మా హాస్టలు మేమే నడుపుకుంటున్నాం. సర్కారు సాయం లేదు, దాతలు లేరు. కూలికి పోయే ఆమె వంద, ఐదెకరాల చీనీతోట, అదే బత్తాయితోట, ఉన్న నా వంద కలిస్తేనే అక్కడ పిల్లలకు పొద్దున చిత్రాన్నం, రాత్రి సంగటి.

ఆ రోజు మీటింగులో నేను ఒకటే అడిగాను. ఆమె ఇంతకుముందు పనిచేసిన చోటికి ఎవరైనా వెళ్ళి కనుక్కున్నారా అని.

"మా ఆయనకు బాగా తెలిసినోల్లు చెప్పినారు. ఇంకా ఏం కనుక్కోవల్ల?" అంది అధ్యక్షురాలు.

ఆమె భర్త అక్కడే, ఆమె పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా ప్రాంతంలో పలుకుబడి ఉన్న మనిషి. వాళ్ళకు భూములున్నాయి, సిమెంటు లారీలు తిరుగుతున్నాయి. ఆయన మా సంఘంలో సభ్యుడు కాడు. కాలేడు కూడా, అది ఆడవాళ్ళ సంఘం. అయినా ప్రతి మీటింగుకూ వచ్చేవాడు. మాకు కూర్చునే చోటు ఇచ్చింది ఆయనే కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్ళం కాదు.

తీర్మానాల పుస్తకం నా ముందుకు వచ్చింది. నేను సంతకం పెట్టలేదు. మూడు రోజులు గడువిమ్మన్నాను, నేనే వెళ్ళి కనుక్కుని వస్తానన్నాను. నీకు అనుమానాలు ఎక్కువని ఒకరిద్దరు విసుక్కున్నారు. నిజమే, నాకు అనుమానాలు ఎక్కువ. దానికి కారణముంది.

పెళ్ళికి ముందు నేను ఎర్రగుంట్లలో ఒక ప్రైవేటు బడిలో మూడేళ్ళు పాఠాలు చెప్పాను. నన్ను పదే పది నిమిషాల్లో ఉద్యోగంలో పెట్టుకున్నారు. సర్టిఫికెట్లు చూడలేదు, పాఠం చెప్పించలేదు. "ఎంతకు వస్తావు?" అనడిగాడు యజమాని. నేనొక మాట చెప్పాను, ఆయన అందులో సగం చెప్పాడు, నేను తలూపాను. నేను చేరిన రెండో సంవత్సరం ఒక లెక్కల మాస్టరు కూడా అట్లాగే చేరాడు. ఆరు నెలలు తిరగకుండానే ఆయన ఐదో తరగతి పిల్లను చెంపమీద కొట్టిన దెబ్బకు ఆ పిల్లకు ఒక చెవి వినపడకుండా పోయింది. అంతకుముందు ఇంకో బడిలో ఇట్లాంటి పనే చేస్తే బయటికి పంపేశారని ఆ తర్వాత తెలిసింది. తెలుసుకోవడానికి ఒక్క ఫోను సరిపోయేది. ఆ ఫోను చేయాల్సింది నేను కాదు. కానీ ఆ పిల్ల నా క్లాసులో కూర్చునేది. మిగిలిన ఏడాదంతా నేను పాఠం చెబుతుంటే తల ఒక పక్కకు తిప్పి వినేది.

మర్నాడు పొద్దున్నే కడపలో బద్వేలు బస్సెక్కాను. వార్డెన్‌గా వస్తానన్న ఆమె తన కాగితంలో బద్వేలులోని ఒక ప్రైవేటు హాస్టలు పేరు రాసింది. బస్టాండులో దిగి అడుగుతూ వెళ్ళాను. హాస్టలు యజమాని నన్ను మర్యాదగా కూర్చోబెట్టాడు. నేను ప్రశ్న పూర్తి చేయకముందే, శానా మంచామె, ఏ వంకా లేదు, నిశ్చింతగా పెట్టుకోండి అన్నాడు. మరి ఎందుకు పంపించారని అడిగితే, ఆమే మానుకుందన్నాడు. ఎప్పుడు మానుకుందో, ఎందుకు మానుకుందో చెప్పడానికి ఆయనకు అంత తొందర లేదు. మంచినీళ్ళు తాగి లేచాను.

ఆ హాస్టలుకు ఎదురుగా చిన్న గదిలో ఒక ముస్లిం ఆవిడ మిషన్ కుడుతోంది. నేను జాకెట్టు కుట్టించుకునేదానిలాగా వెళ్ళలేదు. ఉన్నమాటే చెప్పాను. మా పిల్లల హాస్టలుకు ఆమెను వార్డెన్‌గా పెట్టుకోబోతున్నామని, ఎట్లాంటి మనిషో తెలుసుకోవడానికి వచ్చానని. ఆవిడ మిషన్ ఆపింది. స్టూలు జరిపి కూర్చోమంది.

ఆవిడ చెప్పింది ఇదీ. ఆ వార్డెన్ చెడ్డ మనిషి కాదు. పిల్లల మీద చేయి చేసుకునేది కాదు, తిండిలో కక్కుర్తి పడేది కాదు. కానీ ఆమెకు ఇంకో పని ఉండేది. ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేసేది. హాస్టలు గేటుకు బయటినుంచి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయేది. ఒక ఆదివారం మధ్యాహ్నం అట్లా వెళ్ళినప్పుడు లోపల ఒక పిల్లకు మూర్ఛ వచ్చింది. తోటి పిల్లలు కిటికీ దగ్గరికి వచ్చి కేకలు పెట్టారు. ఈ మిషన్ కుట్టే ఆవిడ భర్తా, పక్కింటివాళ్ళూ గడ్డపారతో తాళం పగలగొట్టి పిల్లను ఆటోలో వేసుకుని వెళ్ళారు. పిల్ల బతికింది. కానీ వాళ్ళ నాయన ఆ వారమే వచ్చి సామాను సర్దించుకుని ఊరికి తీసుకుపోయాడు.

"మల్లా రాలేదమ్మా ఆ పిల్ల. నా దగ్గర కుట్టడానికి ఇచ్చిన డ్రెస్సు కూడా తీస్కపోలేదు," అంది ఆవిడ.

అక్కడితో తిరిగి వచ్చేయొచ్చు. నాకు కావలసింది దొరికింది. అయినా ఎందుకో ఆ వార్డెన్‌ను చూడకుండా రావడం తప్పనిపించింది. ఒకరి మీద ఇంకొకరు చెప్పిన మాట పట్టుకుపోయి ఆమె పొట్ట కొట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మిషన్ కుట్టే ఆవిడే ఇల్లు చూపించింది. రెండు వీధుల అవతల ఒకే గది, ముందు రేకుల పంచ. ఆమె ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఆయాల నీలం చీర ఇంకా మార్చుకోలేదు. నలభై ఏళ్ళుంటాయి. నేనెవరో చెప్పగానే లోపలికి రమ్మంది, చాప వేసింది, టీ పెట్టబోయింది.

నేను ఆమెను తాళం సంగతి అడిగాను. ఆమె కాదనలేదు. తల దించుకుని గిన్నె కిందపెట్టింది. మా కడప హాస్టలుకు వచ్చినా ఇంకో పని చేసుకుంటావా అనడిగాను.

"ఆడ కూడా ఒక నర్సింగ్ హోముల మాట్లాడుకున్నా మేడమ్," అంది నిదానంగా. "నీకు అబద్ధం చెప్పను. ఐదు వేలకు రేయింబగలు ఒక్కచోటే కూచుంటే నా ఇద్దరు పిల్లోల్లు ఏం తినల్ల? ఈడ యజమానికి తెలుసు నేను పోతానని. తెలిసే ఊరకున్న్యాడు. తాళం పగిలినాక మాత్రం నాది తప్పన్న్యాడు."

తాళం సంగతి విన్నప్పుడు ఆమె మీద వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని సిద్ధవటం దాటేదాకా ఒకటే ఆలోచన. ఆమెను వద్దంటాం, సరే. ఇంకొకామె వస్తుంది. ఆమెకూ ఐదు వేలే ఇస్తాం. ఆమెకూ ఇంకో పని ఉంటుంది. ఎన్ని ఊళ్ళు తిరిగి ఎంతమందిని విచారించినా, ఇచ్చే జీతం అదే అయితే దొరికేది కూడా అదే.

హాస్టలుకు వెళ్ళి ఒక కాగితం తయారుచేశాను. ఇకమీదట మా దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరూ సొంత ఊరు, పాత పని, తమ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు ఇవ్వాలని, పోలీసుల దగ్గర విచారణ పత్రం తెచ్చుకోవాలని. మొదట వంటామెకు ఇచ్చాను. ఆరేళ్ళుగా మా హాస్టల్లో వండుతోంది. ఆమె చదివించుకుని విన్నది. ఎసట్లో పిండి వేసి తెడ్డుతో కలుపుతూ, నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"ఆరేండ్లాయె నేను ఈడికొచ్చి. ఇప్పుడు నా గురించి ఇద్దర్ని అడుగుతానంటావు. అడుగు, నాకేం భయం ల్యా. మరి నన్ను పెట్టుకున్నోల్లు ఎట్లాంటోల్లని నేనెవర్ని అడగల్ల? ఆరేండ్లల్ల ఐదొందలు పెంచినారు. జరమొచ్చి నాలుగు దినాలు రాకపోతే జీతం పట్టుకున్నారు. అది రాసే కాగితం యాడన్నా ఉండాదా?"

నేను ఆ నాలుగు రోజుల జీతం పట్టుకోమని చేతులెత్తిన డైరెక్టర్లలో ఒకదాన్ని. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సంగటి కెలికే తెడ్డు ఆగలేదు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని దాన్ని మళ్ళీ రాశాను. ఒక పక్క వాళ్ళు మాకు చూపించాల్సినవి. రెండో పక్క మేము వాళ్ళకు రాసివ్వాల్సినవి: నియామక పత్రం, వారానికొక సెలవు, జబ్బు చేస్తే జీతం, ఏటా పెంపు. వార్డెన్‌కు పన్నెండు వేలు, వంటామెకు తొమ్మిది. డైరెక్టర్ల చుట్టాలెవరికీ ఉద్యోగం ఇవ్వకూడదు. ఇదంతా జరగాలంటే నెల చందా వంద నుంచి నూట యాభై కావాలి.

మూడో రోజు మీటింగులో ముందు బద్వేలు సంగతి చెప్పాను. తర్వాత నా కాగితం చదవడం మొదలుపెట్టాను. రెండో పక్కకు రాగానే అధ్యక్షురాలి భర్త అందుకున్నాడు. జీతాలు పెంచితే సంఘం మునిగిపోతుందని, పనివాళ్ళను నెత్తినెక్కించుకోకూడదని, ఆ బద్వేలు ఆమె కాకపోతే ఇంకొకామె ఆయన దగ్గర సిద్ధంగా ఉందని, ఆమె కూడా ఐదు వేలకే వస్తుందని చెప్పుకుపోయాడు. డైరెక్టర్లు తలలు ఊపుతున్నారు. మా అధ్యక్షురాలు కూడా ఊపుతోంది. ఆమె తెలివైన మనిషి, మంచి మనిషి. ఈ హాస్టలు ఆలోచన మొదట ఆమెకే వచ్చింది. ఆయన లేనప్పుడు ఆమె మాట్లాడే తీరు వేరు.

నేను కాగితం కిందపెట్టాను.

"అన్నా, ఇది సభ్యుల మీటింగు. మీరు కొంచేపు బయట కూచుంటే బాగుంటాది," అన్నాను.

ఆ మాట నేనే అన్నానా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన నన్ను చూశాడు, భార్యను చూశాడు. ఆమె బల్ల మీద ఉన్న పుస్తకం వైపు చూస్తోంది. ఆమె కూర్చోమని అంటుందేమోనని ఆయన ఎదురుచూశాడనుకుంటాను. ఆమె అనలేదు. ఆయన కండువా భుజాన వేసుకుని లేచి బయటికి నడిచాడు. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

దానికి ఫలితం ఊళ్ళో వెంటనే కనిపించింది. దుక్కికి రమ్మంటే వాళ్ళ ట్రాక్టరు మా చేనికి రాలేదు. నా భర్త దగ్గరికి పెద్దమనుషులొచ్చి ఆడమనిషికి అంత నోరు పనికిరాదన్నారు. ఆయన నన్నేమీ అనలేదు. ట్రాక్టరు మాత్రం పక్క ఊరి నుంచి ఎక్కువిచ్చి తెచ్చుకున్నాం. ఎక్కువిచ్చినా సరే, మాట వెనక్కి తీసుకునే ఉద్దేశం నాకు లేదని ఆయనకు చెప్పాను. వెనక్కి తీసుకోమని నిన్ను అడిగిందెవరు అన్నాడాయన.

ఆ రోజు డైరెక్టర్లు నా కాగితానికి ఒప్పుకున్నారు కానీ, చందా పెంచాలంటే డైరెక్టర్లు చాలరు, సభ్యుల సభ ఒప్పుకోవాలి. కమలాపురంలో షామియానా వేసి సభ పెట్టాం. అన్ని ఊళ్ళ నుంచీ ఆటోల్లో వచ్చారు. నేను లేచి చెప్పవలసిందంతా చెప్పాను. కూర్చునేలోపే మధ్యలో నుంచి ఒకామె లేచింది. మా పక్క ఊరే. భూమి లేదు, కూలిపని. ఆమె పెద్దకూతురు మా హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

"పొద్దున్నుంచి మాపటిదాకా ఎండలో వంగి శనక్కాయ పెరికేదాన్ని నేను. నా కూలి ఎంతో ఈడ అందరికీ తెలుసు. నీడలో కూచునే ఆమెకు పన్నెండు వేలు ఇయ్యడానికి నేను ఇంకో యాభై కట్టల్నా? నా లెక్కతోనే ఆమె నాకంటే బాగుండల్నా?" అంది.

చప్పట్లు పడ్డాయి. గట్టిగానే పడ్డాయి. మా దగ్గర లెక్క అంటే డబ్బు. ఆమె అడిగిన దానిలో అన్యాయం ఏమీ లేదు. తనకంటే ఎక్కువ సంపాదించే మనిషికి తన కష్టంలో నుంచి జీతం ఇవ్వమని నేను ఆమెను అడుగుతున్నాను. బద్వేలులో తాళం పగలగొట్టిన సంగతి మళ్ళీ చెప్పాను, ఈసారి ఆ పిల్ల గురించి, తీసుకుపోని డ్రెస్సు గురించి కూడా చెప్పాను. చెప్పి ఆమెనే అడిగాను.

"నీ బిడ్డ ఆడుండాది. తాళమేసి పోయే ఆమె కావల్నా, ఉండే ఆమె కావల్నా? ఉండే ఆమెకు కడుపుకింత పెట్టకపోతే ఆమె యాడుంటాది?"

ఆమె కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు.

"సరే. ఆమెకు న్యాయమైన జీతం కావల్ల. ఒప్పుకుంటా. మరి నీ చీనీతోటలో కలుపుకు ఎంతిస్తాండావు?"

అంతమందిలో ఆ ప్రశ్న వేసింది. వెనక వరసలో మగవాళ్ళ దగ్గర నా భర్త నిలబడి ఉన్నాడు. నేను ఇచ్చే కూలి చెప్పాను. ఊళ్ళో అందరూ ఇచ్చేదే. చెబుతుంటే నా చెవులకే ఎట్లాగో వినిపించింది. ఒకామె నవ్వింది, ఇంకొందరు నవ్వారు. ఆ నవ్వులో నేను కూర్చుండిపోవచ్చు. కానీ నేను కూర్చోదలుచుకోలేదు. హాస్టలు వార్డెన్‌కు ఒక న్యాయం, నా తోటలో కూలికి ఇంకో న్యాయం అని ఉండదు. రేపటి నుంచి నా తోటలో కూలికి వచ్చిన ప్రతి మనిషికీ రోజుకు యాభై రూపాయలు ఎక్కువిస్తానని, ఇది ఈ సభ పుస్తకంలోనే రాసుకోమని చెప్పాను. తోట ఉన్న మిగతా సభ్యులు నన్ను ఎట్లా చూశారో చెప్పనక్కరలేదు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.

చేతులెత్తమన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాల్సి వచ్చింది, అంత దగ్గరగా వచ్చింది. చందా పెంపు గట్టెక్కింది. ఆ కూలామె చేయి ఎత్తింది. చివర్లో, నిదానంగా, ఎత్తింది. ఆశ్చర్యంగా అధ్యక్షురాలు కూడా ఎత్తింది. కొన్ని కుటుంబాలు ఆ నెలలోనే సంఘం నుంచి తప్పుకున్నాయి. వాళ్ళలో నిజంగా కట్టలేనివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళ పిల్లలను హాస్టలు నుంచి పంపకూడదని పట్టుబట్టి, వాళ్ళ చందా పాతదే ఉంచాం. ఆ పని ముందే ఆలోచించి ఉండాల్సింది. నేను ఆలోచించలేదు.

తర్వాత "వార్డెన్ కావలెను" అని కరపత్రం వేశాం. జీతం ఎంతో అందులోనే అచ్చు వేయించాం. అడిగినవాళ్ళతో బేరం ఆడే ప్రశ్నే లేకుండా. చాలామంది వచ్చారు. అందులో బద్వేలు ఆమె కూడా ఉంది. నీట్‌గా ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుంది. "ఇంత ఇస్తే నాకింకో పని అవసరం ల్యా మేడమ్," అంది. నేను నమ్మాను. ఆమె నిజమే చెబుతోందని ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా వద్దన్నాను. లోపల పిల్లలున్నారని తెలిసీ గేటుకు తాళం వేసి వెళ్ళిన మనిషికి ఇంకో గేటు తాళం నేను ఇవ్వలేకపోయాను. ఆ మాట ఆమె ముఖాన్నే చెప్పాను, ఎవరితోనో చెప్పించలేదు. ఆమె లేచి దండం పెట్టి వెళ్ళిపోయింది. నేను చేసింది న్యాయమేనా అని ఎవరైనా అడిగితే పిల్లలకు న్యాయం అని చెబుతాను. ఆమెకు అని చెప్పలేను. ఆరు నెలల తర్వాత హాస్టలు వంటగదిలో సాయానికి ఒక మనిషి కావాల్సి వచ్చినప్పుడు ముందు ఆమెకే ఫోను చేశాను. అప్పటికి ఆమె నెంబరు పనిచేయలేదు.

మేము తీసుకున్న ఆమెది కర్నూలు పడమటి పక్క పల్లె. భర్తతో విడిపోయి, పిల్లలు పెద్దవాళ్ళై, పదేళ్ళు రెండు హాస్టళ్ళలో చేసింది. ఆ రెండు చోట్లకూ వెళ్ళాం. ఒకచోటికి నేను, ఒకచోటికి అధ్యక్షురాలు. యజమానులను కాదు, అక్కడ వండేవాళ్ళను, ఎదురింటివాళ్ళను, చదువుకుని వెళ్ళిపోయిన ఇద్దరు పిల్లలను అడిగాం. ఆ పిల్లల్లో ఒకతి, జ్వరమొస్తే పక్కనే కూర్చునేదని చెబుతూ ఏడ్చింది. పోలీసు పత్రం రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మళ్ళీ మేమే వంతులు వేసుకుని పడుకున్నాం. ఎందుకీ పట్టుదల, ముందు చేరనీ, కాగితం తర్వాత వస్తుందిలే అని నాకు రోజూ ఎవరో ఒకరు చెప్పారు. పత్రం చేతికి వచ్చేదాకా తాళం ఇవ్వలేదు.

ఆమె కూడా తక్కువది కాదు. నియామక పత్రం చేతిలో పెడితే వెంటనే సంతకం చేయలేదు. గదులు చూసింది, స్నానాల గదుల గడియలు లాగి చూసింది, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని అడిగింది. సెలవు రోజున తన బదులు ఎవరుంటారో పేరు రాయమంది.

"జీతం దుడ్లు మీరు కాగితంలో వేసినారు, సరే. నేను ఊరికి పోయిన దినం ఏమన్నా జరిగితే నన్ను అడగకూడదు. ఆ దినం ఎవరుంటే వాల్లనే అడగల్ల. అది కూడా రాయండమ్మా," అంది.

మా డైరెక్టర్లలో ఒకామె నొసలు ముడిచింది. నాకు మాత్రం ఇన్నాళ్ళకు సరైన మనిషి దొరికిందన్న ధైర్యం అప్పుడే వచ్చింది. ఆమె అడిగినట్టే రాశాం. వంటామెకు కూడా పత్రం ఇచ్చాం, పట్టుకున్న నాలుగు రోజుల జీతం తిరిగిచ్చాం. ఆమె ఆ డబ్బు లెక్కపెట్టి కొంగున కట్టుకుంది. తన గురించి చెప్పగల ఇద్దరి పేర్లు ఆ రోజే రాయించింది.

మరుసటి ఏడు డైరెక్టర్ల ఎన్నికల్లో నేను ఓడిపోయాను. ఎందుకు ఓడిపోయానో నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. తోటలున్నవాళ్ళకు నా మీద కోపం, చందా పెరిగినవాళ్ళకు కోపం, ఒక మగమనిషిని బయట కూర్చోమన్నందుకు ఇంకొందరికి కోపం. ఇవన్నీ కలిపితే ఓడిపోవడానికి సరిపోతుంది. ఓడిన రోజు ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాను. ఏడుపు రాలేదు.

వార్డెన్ వచ్చి మూడేళ్ళవుతోంది. ఇంకా ఉంది. పిల్లల సంఖ్య పెరిగి పక్కిల్లు కూడా బాడుగకు తీసుకున్నారు. ఆదివారాలు ఆమె సెలవు పెట్టిన రోజున వంతుకు మనిషి దొరక్కపోతే నాకు ఫోను వస్తుంది, డైరెక్టరును కాకపోయినా వెళ్తాను. ఆ కూలామె కూతురు ఇప్పుడు డిగ్రీ మూడో సంవత్సరం. నా తోటలో కూలి ఆ యాభైతో ఆగలేదు, తర్వాత ఇంకా పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు మా చుట్టుపక్కల తోటల్లో కూడా అదే ఇస్తున్నారు, తిట్టుకుంటూ ఇస్తున్నారు.

ఈ ఏడు హాస్టలు పక్కింటికి కాపలాకు ఒక మనిషి కావలసి వచ్చింది. ఒక డైరెక్టరు తన తమ్ముణ్ణి పెట్టాలని చూసింది, తెలిసిన మనిషేగా, విచారణ ఎందుకని. నేను మామూలు సభ్యురాలిగానే సభలో లేచి నిలబడి, డైరెక్టర్ల చుట్టాల గురించి నియమం ఏముందో పుస్తకం తెరిచి చదవమన్నాను. చదివారు. తమ్ముడు ఆగిపోయాడు. ఆ వారమే అధ్యక్షురాలి భర్త నుంచి మా ఇంటికి కబురు వచ్చింది, వచ్చే ఎన్నికల్లో నేను నిలబడకపోతే అందరికీ మంచిదని. కబురు తెచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చి, పోటీకి నా పేరు పొద్దున్నే ఇచ్చి వచ్చానని చెప్పి పంపించాను.